ఒకటో తరగతి గడప దగ్గర

ఏటా జూన్ రెండో వారంలో బడులు తెరుచుకుంటాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15న మొదలయ్యే వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. ఈ రెండు తేదీలూ పక్కపక్కనే ఉన్న సంగతి నెల్లూరు తీరంలోని పట్టపుపాలెం తల్లికి తెలుసు. విద్యాశాఖ క్యాలెండరుకు తెలియదు. రెండు నెలలు వేట లేక అప్పు మీద నడిచిన ఇల్లు, పడవలు తిరిగి కడలికి కదిలే వారంలోనే బిడ్డను ఒకటో తరగతిలో చేర్చాలి. ఆ వారం బడిలో జరిగే పరిచయ సమావేశానికి తండ్రి రాడు. ‘వీళ్లకు చదువంటే శ్రద్ధ లేదు’ అన్న మాట మాత్రం బిడ్డ పేరు రిజిస్టరులో ఎక్కకముందే ఆ ఇంటి మీద పడుతుంది.

తల్లిదండ్రులను బడికి దగ్గర చేయాలన్న ప్రయత్నం రాష్ట్రంలో లేకపోలేదు. మెగా సమావేశాలు 2024 డిసెంబర్ 7న, మళ్లీ 2025 జూలై 10న రాష్ట్రమంతటా జరిగాయి. మొదటిసారి బాపట్లలో, రెండోసారి కొత్తచెరువులో ముఖ్యమంత్రి స్వయంగా కూర్చున్నారు. ఆలోచన మంచిదే. తల్లులకు ముగ్గుల పోటీలు, తండ్రులకు తాడులాట కూడా పెట్టారు. (ముగ్గు వేసేందుకు వాకిలి లేని ఇళ్ల సంగతి పక్కన పెడదాం.) అయితే 2025 జూలై 10 గురువారం. రొయ్యల చెరువు మీద పనిచేసే తల్లికి బడిలో గడిపిన పూట అంటే పోయిన కూలి. అంత ఖర్చుపెట్టి వచ్చిన మనిషి ఇలాంటి సమావేశాల్లో సాధారణంగా వినేది ఏమిటి? బిడ్డను శుభ్రంగా పంపండి, రోజూ పంపండి, ఫోను ఇవ్వకండి, ఆధార్ తెండి. తల్లిదండ్రులు బడికి ఏం చేయాలో చెబుతారు. బడి వారికి ఏం బాకీ ఉందో చెప్పరు.

ఈ మౌనం యానాదుల విషయంలో అత్యంత ఖరీదైనది. బ్రిటిష్ పాలకులు నేరస్థ తెగల చట్టం కింద యానాదుల్లో పలువురిని పోలీసుల ఎదుట హాజరు వేయించుకునే మనుషులుగా మార్చారు. ఆ చట్టం రద్దయింది 1952లో. ఆ మచ్చ తుడిచేందుకు వెన్నెలకంటి రాఘవయ్య జీవితమంతా పనిచేశారు. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు దీవిని వదిలినవారిలోనూ యానాదులు ఉన్నారు. తరతరాలుగా సర్కారు కాగితం వీరికి మేలు కంటే ముప్పునే మోసుకొచ్చింది. ఇప్పుడు బడి కూడా మొదట అడిగేది కాగితమే: పుట్టిన తేదీ ధ్రువపత్రం, ఆధార్, కుల ధ్రువపత్రం, తల్లి బ్యాంకు ఖాతా.

వయసు రుజువు లేదన్న కారణంతో ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించరాదని విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. బడిలో చేరడానికి ఆధార్ తప్పనిసరి కాదనీ, అది లేదని పిల్లలకు పథకాలు ఆపరాదనీ 2018 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ రెండు వాక్యాలు ఒకటో తరగతి సమావేశంలో మొట్టమొదట వినిపించాల్సినవి. ఆచరణలో ‘తల్లికి వందనం’ కింద ప్రకటించిన 15 వేల రూపాయల్లో తల్లి ఖాతాకు చేరే 13 వేలు కూడా కాగితాలు సరిగా ఉన్న ఇంటికే సులువుగా చేరతాయి. ఎవరికి అత్యవసరమో వారి దగ్గరే ఆ కాగితాలు తక్కువ. దీన్ని ‘అవగాహన లోపం’ అనడం అధికారులకు అలవాటు. కులం పేరు చెప్పకుండా కులాన్ని తప్పుపట్టే మాట అది.

పట్టపువారిది మరో చిక్కు. వెనుకబడిన తరగతుల ‘ఎ’ గ్రూపులో ఉన్న ఈ మత్స్యకారుల్లో చాలామంది ఇంట మాట్లాడేది తమిళానికి దగ్గరైన పట్టపు భాష. పాఠ్యపుస్తకం ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు. తల్లి అన్నానికి పిలిచే భాష ఆ రెండింటిలోనూ లేదు. మొదటి నెలల్లో బిడ్డ నోరు విప్పకపోతే టీచరుకు మందబుద్ధిగా కనిపించవచ్చు. పిల్లలను బడికి అలవాటు చేసేందుకు 2021లో తెచ్చిన పన్నెండు వారాల ‘విద్యాప్రవేశ్’ ఇటువంటి బిడ్డ కోసమే ఉండాలి. దాన్ని ఆ భాషలో మొదలుపెట్టేవారు కావాలి.

ఊళ్లో కాస్త ఉన్నవారి పిల్లలు పసుపుపచ్చ బస్సెక్కి కావలికో నెల్లూరుకో పోతున్నారు. మిగిలిన బడి క్రమంగా దళితవాడ, గిరిజన కాలనీ, పాలెం పిల్లల బడి అవుతోంది. ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లున్నాయి కదా అంటారు. అందులో ఎస్సీలకు 10, ఎస్టీలకు 4 శాతం. కానీ దరఖాస్తు ఆన్‌లైన్, ఎంపికలో దూరమూ లెక్కకు వస్తుంది. ఆ బడులేమో ఎక్కువగా పట్టణాల్లో, రహదారి పక్కన. తీరం చివరి కాలనీకి ఆ సీటు కాగితం మీదే ఉంటుంది. ఎలాగో గేటు దాటినా, తండ్రి చదువూ ఉద్యోగమూ అడిగే ‘పరిచయం’ ఎదురైతే? ప్రవేశానికి తల్లిదండ్రులను వడపోయడాన్ని 13వ సెక్షన్ నిషేధించింది. ఆ సంగతి ఆ తండ్రికి చెప్పేవారెవరు?

బడి యాజమాన్య కమిటీలో మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, సభ్యుల్లో సగం మహిళలని, బలహీన వర్గాలకు దామాషా స్థానం ఉండాలని చట్టంలోనే ఉంది. 2024 ఆగస్టులో ఆ ఎన్నికలూ జరిగాయి. గోడవారగా నిలబడిన యానాది తల్లికి తాను అతిథి కాదు, ఓటరునని తెలియాలంటే ఆ మాట ఆమె కాలనీకే వెళ్లి చెప్పాలి. ఏప్రిల్ మూడో వారంలో పడవలు ఒడ్డునే ఉంటాయి, బడులు ఇంకా మూతపడవు. ఆ రోజుల్లో ఒక సాయంత్రం పాలెంలో, ఒక సాయంత్రం గిరిజన కాలనీలో, సచివాలయ సిబ్బందిని ఆధార్ యంత్రంతో సహా వెంటబెట్టుకుని పరిచయ సమావేశం జరపడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. మండల విద్యాశాఖాధికారి తలచుకుంటే చాలు.