కత్తి లేకుంటే పందెం కాదా?
కోళ్లఫారాల మండపేటలో కోళ్ల లెక్క లక్షల్లో. పుంజుల పిచ్చోడికి మాత్రం ఒక్కటే లోకం. డేగో కాకో రంగు చూసి ఎంచుతాడు, ఈత కొట్టించి దమ్ము పెంచుతాడు, బాదం, మటన్ కైమా మేపుతాడు (ఇంట్లో ఆవిడ ఏమంటుందో అడక్కండి). అంత ఒడుపూ సంక్రాంతి బరిలో కత్తి కట్టిన నిమిషాల్లో సరి! జంతుహింస నిరోధక చట్టం 1960 నాటిది. పండక్కి దానికీ సెలవే. నేర్పు చూడాలంటే కత్తే అక్కర్లేదు. ఇంగ్లండులో 1899లో మొదలైన స్పానియల్ వేటకుక్కల పోటీల్లో పొదలు గాలించే తీరూ, కూలిన పిట్టను నలపకుండా తెచ్చే నేర్పూ చూస్తారు. అక్కడా పిట్ట చస్తుంది, కాదనను. కుక్క మాత్రం యజమానితో ఇంటికొస్తుంది. చిలకముక్కు పుంజులకు మన దగ్గరా అందాల పోటీలున్నాయి. పందెం పుంజుకూ అలాంటివి పెడదామంటే అడ్డుపడేది సంప్రదాయం కాదు, బరి పక్కన చేతులు మారే డబ్బు.