పూచీకత్తు అడుగుతారు, కారణం మాత్రం చెప్పరు

పెళ్లాడిన మనిషిని తన వెంట ఉంచుకోవడం పౌరునికి హక్కా, లేక ఒక కాన్సులేటు అధికారి దయతలచి ఇచ్చే వరమా? ఈ ప్రశ్నకు అమెరికా సుప్రీంకోర్టు 2024 జూన్ 21న దాపరికం లేకుండా సమాధానం చెప్పింది. విదేశీయులైన జీవిత భాగస్వాములను దేశంలోకి రప్పించుకునే మౌలిక హక్కు అమెరికా పౌరులకు లేదని మెజారిటీ న్యాయమూర్తులు తేల్చారు. ఆ కేసులోని దంపతులు ముస్లింలు కారు. భార్య సాండ్రా మున్యోజ్ అమెరికా పౌరురాలు, భర్త ఎల్ సాల్వడార్ దేశస్థుడు. అయినా ఆ తీర్పుకు దారి వేసింది అంతకు తొమ్మిదేళ్ల ముందు ఒక ముస్లిం మహిళ ఓడిపోయిన కేసే. అమెరికాలో స్థిరపడిన బంధువులున్న ముస్లిం కుటుంబాలు హైదరాబాద్ పాతబస్తీలో ఉన్నాయి. కనుక ఈ తీర్పు ఎక్కడో జరిగిన దూరదేశపు ముచ్చట అనుకోవడానికి వీల్లేదు.

ముందు ఈ 'స్పాన్సర్' అన్న మాట వెనుక ఎంత బరువుందో చూద్దాం. అమెరికా పౌరసత్వం ఉన్న భర్తగానీ భార్యగానీ మొదట ఐ-130 అనే అర్జీ పెట్టాలి. పెళ్లి నిజమైనదేనని రుజువు చేయడానికి ఫోటోలు, ప్రయాణాల టికెట్లు, బ్యాంకు కాగితాలు, సంభాషణల నకళ్లు అన్నీ అపరిచితుని బల్ల మీద పరచాలి. అర్జీ ఆమోదం పొందాక ఐ-864 అనే పూచీకత్తు పత్రం రాయాలి. అక్కడి ప్రభుత్వం ప్రకటించే పేదరిక రేఖ మీద 125 శాతం ఆదాయం చూపాలి. 2025 లెక్క ప్రకారం ఇద్దరున్న కుటుంబానికి అది ఏడాదికి 26,437 డాలర్లు. ఆదాయం చాలకపోతే మరొకరిని సహపూచీదారుగా బతిమాలుకోవాలి. ఇది మాటవరసకు చేసే సంతకం కాదు, కోర్టులో అమలు చేయించదగిన ఒప్పందం. వచ్చిన మనిషి పౌరసత్వం పొందడమో, నలభై త్రైమాసికాల పని లెక్క పూర్తి కావడమో, దేశం విడిచి వెళ్లడమో, కన్నుమూయడమో జరిగేదాకా అది మెడకు చుట్టుకునే ఉంటుంది. విడాకులైనా వదలదు! దాంపత్యం ముగిసినా పూచీ ముగియదన్నమాట. పౌరుని మీద ఇంతటి బాధ్యత మోపే రాజ్యం, వీసా నిరాకరించిన నాడు అదే పౌరునితో నీకు దీనిలో ఏ సంబంధమూ లేదు పొమ్మంటోంది. నా అభ్యంతరం ఇక్కడే.

ఫౌజియా దీన్ కేసు చూడండి. ఆమె అఫ్ఘానిస్తాన్ నుంచి శరణార్థిగా అమెరికా వెళ్లి 2007లో పౌరురాలైంది. భర్త కనిష్క బెరాష్క్ తాలిబన్ల కాలంలో ప్రభుత్వ కార్యాలయంలో చిన్న ఉద్యోగి. అర్జీ ఆమోదం పొందింది, ఇస్లామాబాద్‌లో ఇంటర్వ్యూ జరిగింది, నెలల తరబడి నిరీక్షణ తరువాత 2009లో నిరాకరణ వచ్చింది. కారణం ఏమిటంటే ఉగ్రవాద కార్యకలాపాలకు సంబంధించిన చట్ట విభాగం సంఖ్య చూపించారు. ఆ విభాగంలో పదుల కొద్దీ ఉపవిభాగాలున్నాయి. ఏది వర్తించిందో, అతడు చేసిన నేరమేమిటో చెప్పలేదు. ఏ ప్రభుత్వం వచ్చినా ఫైళ్లు సర్దుకుని జీతం తెచ్చుకునే గుమాస్తాలు ఏ దేశంలోనైనా ఉంటారు. తన భర్త చేసిన తప్పేమిటో చెప్పమని మాత్రమే ఆమె న్యాయస్థానాన్ని అడిగింది. 2015 జూన్ 15న సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆమెకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. జస్టిస్ స్కాలియాతో కలిసి ముగ్గురు న్యాయమూర్తులు ఆమెకు అసలు అటువంటి రాజ్యాంగ హక్కే లేదన్నారు. మరో ఇద్దరు హక్కు ఉందో లేదో తేల్చకుండా, చట్ట విభాగం చూపించారుగా, అది చాలునన్నారు.

సరిగ్గా పదకొండు రోజులకు, జూన్ 26న, అదే న్యాయస్థానం స్వలింగ వివాహాల కేసులో వివాహం మౌలిక హక్కు అని ప్రకటించింది. ఆ తీర్పు మీద ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు, దాని చర్చ ఇక్కడ అనవసరం. పెళ్లి చేసుకునే హక్కు ఉండి, పెళ్లాడిన వారితో కలిసి బతికే హక్కు లేకపోతే ఆ మొదటి హక్కుకు అర్థమేమిటన్నది మాత్రం అడిగి తీరాలి. 2024 తీర్పుతో భిన్నాభిప్రాయం ప్రకటించిన జస్టిస్ సోటోమేయర్ సైతం ఈ వైరుధ్యాన్నే ఎత్తిచూపారు. మున్యోజ్ భర్తను 2015లో నిరాకరించినప్పుడు చూపింది కూడా ఒక చట్ట విభాగం సంఖ్యే. అతని ఒంటి మీది పచ్చబొట్లను బట్టి నేర ముఠా సభ్యుడని అనుమానించారన్న సంగతి ఆమె కోర్టుకెక్కిన తరువాతగానీ బయటపడలేదు. ఆ పచ్చబొట్లకు ముఠాతో సంబంధం లేదని నిపుణుడు ప్రమాణపత్రం ఇచ్చినా ఫలితం లేకపోయింది.

కారణం చెప్పనక్కరలేని చోట దురభిప్రాయానికి చక్కటి నివాసం దొరుకుతుంది. ముస్లింలను దేశంలోకి రానివ్వవద్దని 2015 డిసెంబరులో బహిరంగంగా పిలుపునిచ్చిన అభ్యర్థి అధ్యక్షుడై, 2017 జనవరి 27న ఏడు ముస్లిం దేశాల ప్రజలను అడ్డుకుంటూ ఉత్తర్వు జారీ చేశారు. కోర్టులు అడ్డుపడితే, ఉత్తర కొరియానూ వెనిజులానూ జాబితాలో చేర్చి సెప్టెంబరులో దానికి కొత్త రూపమిచ్చారు. 2018 జూన్ 26న సుప్రీంకోర్టు 5-4తో దానికి ఆమోదముద్ర వేసింది. అప్పటికే యెమెన్ రాజధాని సనాలోని అమెరికా రాయబార కార్యాలయం 2015లో మూతపడింది. యెమెనీల భార్యాబిడ్డలు యుద్ధభూమి దాటి, సముద్రం దాటి, ఆఫ్రికాలోని జిబూటి చేరి ఇంటర్వ్యూలు ఇవ్వాల్సి వచ్చింది. అంత దూరం వెళ్లినవారికి దొరికింది తలుపు మీద తాళం. న్యూయార్క్‌లో వీధి చివరి దుకాణాలు నడిపే యెమెనీలు 2017 ఫిబ్రవరి 2న షట్టర్లు దించి నిరసన తెలిపారు. పన్నులు కట్టే పౌరులు, తమ ఇల్లాలిని తమ ఇంటికి రానివ్వమని వీధికెక్కారు!

ఆ నిషేధం 2021 జనవరి 20న రద్దయింది. 2025 జూన్‌లో మరో ప్రకటన పన్నెండు దేశాల మీద పూర్తి నిషేధం విధించింది. పౌరుల భార్యాభర్తలకు అందులో మినహాయింపు ఇచ్చారు. అదే ఏడాది డిసెంబరులో వెలువడిన ప్రకటన ఆ మినహాయింపునూ తీసివేసింది. హక్కు కానిదేదైనా ఇంతే, ఒక కలంపోటుతో వస్తుంది, మరో కలంపోటుతో పోతుంది.

భారతదేశం ఆ జాబితాల్లో లేదు కదా అని మనవాళ్లు ఊపిరి పీల్చుకోవచ్చు. మన కష్టం ప్రకటనలకెక్కదు, చీటీలో ఉంటుంది. హైదరాబాద్‌లో 2008 నుంచి అమెరికా కాన్సులేట్ ఉన్నా ఇమ్మిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూకు ప్రధానంగా ముంబై వెళ్లాలి. ఇంటర్వ్యూ తరువాత కొందరి చేతిలో 221(జి) అని రాసిన చీటీ పెడతారు. మీ కేసు మరింత పరిశీలనలో ఉందని దాని భావం. ఆ పరిశీలనకు గడువు లేదు. మహమ్మద్, అహ్మద్, ఖాన్ వంటి పేర్లు లోకంలో లక్షలాది మందికి ఉంటాయి. పదో తరగతి మెమోలో 'ఎండీ' అని, పాస్‌పోర్టులో 'మొహమ్మద్' అని, నికాహ్‌నామాలో మరో తీరుగా ఉన్న పేరు అనుమానాల జాబితాలోని ఏ పేరుతో తగులుకుందో ఎవరు చెప్పగలరు? అడిగితే జవాబు రాదు. చెప్పే బాధ్యత వారికి లేదు కనుక, మతాన్ని చూసి ఆపారో, నిజంగా పేరు కలిసి ఆపారో రుజువు చేసే దారీ మనకు లేదు.

మనవైపు లోపాలను కూడా చెప్పకపోతే వాదం సగమే అవుతుంది. వరుడు షికాగోలో, వధువు మెహదీపట్నంలో ఉండి వీడియో కాల్ మీద నికాహ్ జరిపించే కుటుంబాలున్నాయి. ఇద్దరూ ఒకచోట లేకుండా జరిగిన పెళ్లిని, ఆ తరువాత వారు కలిసి కాపురం చేస్తే తప్ప, అమెరికా వలస చట్టం పెళ్లిగా గుర్తించదు. ఈ సంగతి అమ్మాయి తల్లిదండ్రులకు ముందే చెప్పాల్సిన బాధ్యత మధ్యవర్తులదీ, పెద్దలదీ. ఖాజీ పుస్తకంలో పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించుకోవడం, వక్ఫ్ బోర్డు సర్టిఫికెట్ అప్పుడే తెచ్చుకోవడం పెద్ద పని కాదు. షామియానాకూ బిర్యానీకీ నెల రోజులు తిరిగే మనం ఖాజీ దగ్గర పది నిమిషాలు కూర్చోలేమా? అయితే కాగితం తప్పయితే దిద్దుకోవచ్చు, తప్పేమిటో చెబితేనే కదా దిద్దుకునేది.

దొంగపెళ్లిళ్లు జరుగుతాయి, దేశ భద్రత ముఖ్యం కదా అని కొందరు అంటారు. పరిశీలన వద్దని ఎవరూ అనడం లేదు. దొంగపెళ్లికి ఐదేళ్ల జైలు, రెండున్నర లక్షల డాలర్ల జరిమానా 1986 నుంచీ ఆ దేశ చట్టంలో ఉన్నాయి. పెళ్లయి రెండేళ్లు నిండకుండా వచ్చేవారికి షరతులతో కూడిన నివాసమే ఇస్తారు. ఇన్ని వడపోతలున్న చోట కారణం రాసి ఇవ్వడం వల్ల భద్రతకు వాటిల్లే హాని ఏమిటి? పక్కనే ఉన్న కెనడాలో భార్యాభర్తల స్పాన్సర్‌షిప్‌కు సాధారణంగా కనీస ఆదాయపు షరతే లేదు, పూచీకి మూడేళ్ల గడువు. తిరస్కరిస్తే అప్పీలు చేసుకునే హక్కు సాక్షాత్తూ స్పాన్సర్‌కే ఉంది. బ్రిటన్ 2024 ఏప్రిల్ నుంచి ఏడాదికి 29,000 పౌండ్ల ఆదాయం అడుగుతూ పేద దంపతులను విడదీస్తోంది, అది వేరే అన్యాయం. అయినా అక్కడ కూడా నిరాకరణకు కారణాలు రాసి ఇస్తారు, ట్రిబ్యునల్ ముందు వాదించుకోనిస్తారు. ఆ దేశాలేమీ కూలిపోలేదు.

మన దేశానికి కూడా ఈ విషయంలో తల ఎత్తుకునే అర్హత లేదు. 1955 పౌరసత్వ చట్టం కింద భారతీయుని పెళ్లాడిన విదేశీయులు ఏడేళ్లు ఇక్కడ నివసించాకే పౌరసత్వానికి దరఖాస్తు చేయగలరు. అందాకా కొందరు వీసా పొడిగింపుల కోసం కార్యాలయాల చుట్టూ తిరగాల్సి వస్తుంది. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో జరిగిన హంతక దాడి తరువాత పాకిస్తానీయుల వీసాలు రద్దు చేసినప్పుడు దీర్ఘకాలిక వీసా ఉన్నవారికి మినహాయింపు ఇచ్చారు. ఆ కాగితం ఇంకా చేతికి రాని కోడళ్ల సంగతి? హంతకుల నేరానికి ఇక్కడ కాపురం చేసుకుంటున్న స్త్రీలు మూటాముల్లె సర్దుకోవలసి రావడం ఏ న్యాయం?

అమెరికా విషయంలో అడగాల్సింది కొండంత కాదు. వీసా నిరాకరిస్తే ఏ నిబంధన కింద నిరాకరించారో రాతపూర్వకంగా తెలపాలని అక్కడి వలస చట్టమే చెబుతోంది. కానీ నేరం, భద్రత అనే రెండు పద్దుల కింద జరిగే నిరాకరణలకు మాత్రం ఆ నియమం వర్తించదని అదే చోట ఒక ఉపవిభాగం పెట్టారు. దీన్ భర్తా, మున్యోజ్ భర్తా పడ్డది ఆ గోతిలోనే. పౌరుల భార్యాభర్తల విషయంలో ఆ ఉపవిభాగం వర్తించకుండా సవరణ తేవాలి. నిర్దిష్టమైన కారణం తెలిపి తీరాలనీ, స్పాన్సర్‌కు అప్పీలు హక్కు ఉండాలనీ, 221(జి) పరిశీలనకు గడువు విధించాలనీ అందులో రాయాలి. హక్కు లేదని కోర్టు చెప్పిన చోట దాన్ని చట్టం ద్వారా ఇవ్వడానికి అమెరికా కాంగ్రెస్‌కు ఏ అడ్డంకీ లేదు. అక్కడ పౌరసత్వం పొంది ఓటు వేస్తున్న హైదరాబాదీలు, గుంటూరు, కర్నూలు బిడ్డలు ఈ మూడు కోరికలతో తమ నియోజకవర్గపు ప్రతినిధికి ఉత్తరం రాయవచ్చు, వచ్చే ఎన్నికల్లో ఓటడగడానికి వచ్చిన అభ్యర్థిని నిలదీయవచ్చు.