గొల్యాతు కత్తి తీర్చని భయం

విశాఖపట్నం ఆయుధాలు తెలియని ఊరు కాదు. తూర్పు నావికాదళానికి ఇది కేంద్రం. ఆర్.కె. బీచ్‌లోని కురుసుర జలాంతర్గామిని 2002 నుంచి మన పిల్లలు టికెట్టు కొనుక్కుని చూసి వస్తున్నారు. 1966లో ఉక్కు కర్మాగారం కోసం సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలర్పించారు. తుపాకీ పేలితే ఏమవుతుందో ఈ ఊరికి ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే ఈ వారం మేము రాస్తున్నది యుద్ధాల గురించి కాదు, ఉద్యమాల గురించీ కాదు. లైసెన్సు తీసుకుని బీరువాలో రివాల్వరు పెట్టుకున్న పెద్దమనుషుల మధ్య, తుపాకులంటే సరదాపడేవారి మధ్య నడిచే ఒక గర్వం గురించి.

ఇలాంటి కుటుంబాలు మన సంఘాల్లో బహు కొద్ది. కాంట్రాక్టు పనులు చేసేవారు, డబ్బు వెంటబెట్టుకుని రాత్రి ప్రయాణాలు చేసే వ్యాపారులు, రక్షణ దళాల్లో పనిచేసి విరమించినవారు, అంతే. కానీ వారిలో ఇద్దరు కలిస్తే మొదట వచ్చే ప్రశ్న ఒకటే: ‘మీది ఏ కంపెనీ?’ ఒకరు ఇంగ్లండు పేరో అమెరికా పేరో చెబుతారు. రెండోవారు ‘మనది కాన్పూరుదేనండీ’ అని గొంతు తగ్గించి చెబుతారు. మొదటివారి పెదవిమీద చిన్న నవ్వు. మనం మాట్లాడుకోవలసింది ఆ నవ్వు గురించే.

ముందు విషయం తెలుసుకుందాం. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఎవరూ తుపాకీ ఉంచుకోకూడదు. 2019 సవరణతో ఒకరికి మూడు వరకు ఉన్న పరిమితి రెండుకు తగ్గింది. సైన్యం, పోలీసులు వాడే బోర్లు సామాన్యులకు నిషిద్ధం గనుక లైసెన్సుదారులు ఎక్కువగా తీసుకునే చేతి తుపాకీ పాయింట్ 32 రివాల్వరు. కాన్పూరులోని ప్రభుత్వ కర్మాగారాలు దీన్ని తయారుచేస్తున్నాయి. 2014లో అక్కడినుంచే మహిళల కోసమని ‘నిర్భీక్’ వచ్చింది. బరువు 500 గ్రాములు, అప్పటి ధర రూ.1,22,360. 2023లో సిలిండరు పక్కకు తెరుచుకునే ‘ప్రబల్’ వచ్చింది. ఇక విదేశీ తుపాకుల వాణిజ్య దిగుమతి 1980ల మధ్యకాలం నుంచే ఆగిపోయింది. అంతకుముందు వచ్చినవే చేతులు మారుతున్నాయి. సరుకు తక్కువ, కోరేవారు ఎక్కువ. అందుకే తాతల నాటి పరదేశపు రివాల్వరు కొత్త కాన్పూరు రివాల్వరుకంటే ఎన్నో రెట్లు ధర పలుకుతుంది.

ఇందులో తమాషా ఏమిటంటే, చాలా ఏళ్లుగా కాన్పూరులో తయారైన ఆ రివాల్వరు నమూనా ఇంగ్లండులోని వెబ్లీ కంపెనీదే. ఆ వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీ కూడా 2020లో ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయి జిల్లా సండీలాలో తయారీ మొదలుపెడుతున్నట్టు ప్రకటించింది. నమూనా ఇంగ్లండుది అయితే ‘కాన్పూరుదా?’ అని నవ్వు. చేసినది హర్దోయిలో అయినా ‘వెబ్లీనా!’ అని గౌరవం. అంటే మనిషి విలువ కడుతున్నది ఇనుముకు కాదు, ఇనుముమీద కొట్టిన పేరుకు.

నాణ్యత చూడడం తప్పని మేము అనడం లేదు. ఉక్కు నగరంలో ఉంటున్న మనకు మేలురకం ఉక్కుకూ నాసిరకం ఉక్కుకూ తేడా తెలియదా? ఒక యంత్రంలో ట్రిగ్గరు బరువుగా ఉండవచ్చు, మరోదానిలో నునుపు ఎక్కువ ఉండవచ్చు. ఆ తేడాలు ఎంచడం పనితనానికి ఇచ్చే గౌరవమే. పాపం ఎక్కడ మొదలవుతుందంటే, వస్తువును తూచిన తక్కెడలోనే దాన్ని పట్టుకున్న సహోదరుణ్ణి కూడా తూచినప్పుడు. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మాసిన బట్టలవాడికి కాళ్లదగ్గర చోటు ఇచ్చే సంఘాన్ని యాకోబు గద్దించాడు (యాకోబు 2:1-4). ఆనాడు ఉంగరం, ఈనాడు కంపెనీ పేరు.

మాకు తెలిసిన ఒక సోదరుడు మొదట కాన్పూరు రివాల్వరే కొన్నాడు. తోటివారి ఎగతాళి భరించలేక, అనుమతులన్నీ తెచ్చుకుని దాన్ని అమ్మి, అప్పు చేసి పాత ఇంగ్లీషు రివాల్వరు తీసుకున్నాడు. ఆ ఏడు కూతురి కాలేజీ ఫీజు రెండుసార్లు వాయిదా పడింది. ‘ఇప్పుడైనా నెమ్మదిగా ఉందా బాబూ?’ అని అడిగాము. ‘ఏం నెమ్మది అయ్యగారూ, ఇంత ఖరీదైనది ఇంట్లో ఉందని తెలిసి దొంగలు దీనికోసమే వస్తారేమోనని భయంగా ఉంది’ అన్నాడు. భయం పోవడానికి కొన్న వస్తువే కొత్త భయాన్ని ఇంటికి తెచ్చింది.

బైబిలులో ఆయుధాల కొరత, ఆయుధాల పేరుప్రతిష్ఠలు రెండూ ఉన్నాయి. సౌలు దినాల్లో ఇశ్రాయేలు దేశమంతటా కమ్మరి లేకుండా ఫిలిష్తీయులు కట్టడి చేశారు. నాగటి కర్రుకు పదును పెట్టించుకోవాలన్నా శత్రువు దగ్గరికే పోవాలి. అక్కడ హెబ్రీ మూలంలో ఉన్న ‘పీము’ అనే మాట చాలాకాలం పండితులకు అంతుపట్టలేదు. ఆ పేరు చెక్కిన తూకపు రాళ్లు తవ్వకాల్లో దొరికాకే అది తులములో సుమారు మూడింట రెండు వంతుల వెండి అని, పదును పెట్టినందుకు కట్టవలసిన కూలి అని తేలింది. యుద్ధదినాన సౌలుకూ యోనాతానుకూ తప్ప మరెవరి చేతిలోనూ కత్తిగాని ఈటెగాని లేదు (1 సమూయేలు 13:19-22). అయినా ఆ యుద్ధంలో దేవుడే రక్షించాడు. అనేకుల చేతనైనా కొద్దిమంది చేతనైనా రక్షించడానికి యెహోవాకు అడ్డం లేదని యోనాతాను ఎరిగి ఉన్నాడు (14:6).

తరువాత ఏలా లోయలో రాజు తన స్వంత కవచాన్నే దావీదుకు తొడిగాడు. ఆ రోజుల్లో అంతకన్న పెద్ద పేరున్న సామగ్రి ఏది? దావీదు దాన్ని తీసేసి, వాగులోని అయిదు నున్నని రాళ్లు ఏరుకున్నాడు (17:38-40). ఇంతవరకు మన సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. తరువాతి కథే మనం తక్కువగా ధ్యానిస్తాము.

సౌలు తరుముతుండగా దావీదు నోబులో యాజకుడైన అహీమెలెకు దగ్గరికి వచ్చాడు. వట్టి చేతులతో వచ్చాడు. ఏఫోదు వెనుక బట్టలో చుట్టి ఉంచిన గొల్యాతు కత్తి తప్ప మరేదీ లేదని యాజకుడు చెప్పాడు. దానికి సాటిది లేదని దావీదు సంతోషంతో తీసుకున్నాడు (21:8-9). వడిసెలతో నిలబడ్డవాడు ఇప్పుడు లోకంలోని మేటి కత్తి కట్టుకున్నాడు. మరి ఏమైంది? ఆ దినమే సౌలుకు భయపడి పారిపోయాడు. ఎక్కడికి? గొల్యాతు స్వంత ఊరైన గాతుకు! అక్కడ ఆకీషు రాజుకు భయపడి వెర్రివాడిలా నటించి, తలుపులమీద గీతలు గీస్తూ, గడ్డంమీద ఉమ్మి కార్చుకున్నాడు (21:10-13). నడుముకు సాటిలేని కత్తి, గుండెలో తీరని భయం.

అంతటితో అయిపోలేదు. అహీమెలెకు ఆ కత్తి ఇచ్చాడని దోయేగు చెప్పిన చాడీ మూలంగా ఎనభై అయిదుగురు యాజకులు ఒక్క దినమే హతులయ్యారు (22:9-18). ఒక ఆయుధం చేతులు మారితే దాని వెల ఎవరెవరు కడతారో ముందుగా ఎవరూ చెప్పలేరు. అందుకే లైసెన్సు కలిగినవారిని మేము వేడుకుంటున్నాము. చట్టాన్ని మీరకండి, తాళం మరవకండి, పెళ్లి ఊరేగింపుల్లో ప్రదర్శించకండి, పిల్లల ముందు దాని గొప్ప చెప్పకండి.

మరి దావీదుకు భయం ఎలా తీరింది? 34వ కీర్తన పైనున్న మాటల ప్రకారం అది అతడు వెర్రివాడిలా నటించి బయటపడిన సందర్భానిదే. అందులో కత్తి ఊసే లేదు. తాను యెహోవా దగ్గర విచారణ చేయగా ఆయన తన భయాలన్నిటినుంచి తప్పించాడనే సాక్ష్యం ఉంది. ఏఫోదు వెనుక దొరికిన కత్తి తీర్చనిది ప్రార్థన తీర్చింది.

‘మా ఇంట్లో తుపాకీ లేదు కదా’ అని మిగిలినవారు ఊరట చెందనక్కరలేదు. తక్కువ ధర సెల్‌ఫోను జేబులోంచి తీయడానికి సిగ్గుపడే యువకుడు మన కూడికలోనే ఉన్నాడు. చందాలు వేసుకుని కొన్న చిన్న కీబోర్డు ఉన్న పల్లె సంఘాన్ని చూసి నవ్వే పట్టణపు వాద్యబృందం మనదే. చివరికి పరిశుద్ధ గ్రంథానికి కూడా తోలు అట్ట, బంగారు అంచు ఉంటేనే ఆరాధనకు పట్టుకెళ్తామంటున్నాము. 1805లో ఈ విశాఖపట్నంలోనే లండను మిషనరీలు క్రాన్, దేగ్రాంజ్ దిగి, తెలుగు నేర్చుకుని, సువార్తను మన భాషలోకి తేవడానికి కూర్చున్నారు. కొద్ది సంవత్సరాలకే ఇద్దరూ కన్నుమూశారు. వారు మనకు విడిచి వెళ్లినది అట్ట కాదు, వాక్యం.

ప్రతి ఎన్నికల కాలంలో లైసెన్సు తుపాకులు పోలీసుస్టేషనులో అప్పగించాలని ఆదేశాలు వస్తాయి. అక్కడ కాన్పూరుదీ, ఇంగ్లండుదీ ఒకే గదిలో చీటీ కట్టించుకుని పడి ఉంటాయి. మనం కూడా ఒక దినాన మనదనుకున్నదంతా అప్పగించి న్యాయాధిపతి యెదుట నిలబడతాము. ఒకని కలిమి విస్తరించడం అతనికి జీవాధారం కాదని ప్రభువు ముందే హెచ్చరించాడు (లూకా 12:15). ఏ కంపెనీదని అక్కడ ఎవరూ అడగరు.

అరుదైన కత్తి కలిగిన యోనాతాను దాన్ని చూపించి ఎవరినీ చిన్నబుచ్చలేదు. గొర్రెలు కాచుకునే పిల్లవాణ్ణి ప్రేమించి, తన దుప్పటినీ కత్తినీ విల్లునూ నడికట్టునూ అతనికి ఇచ్చేశాడు (1 సమూయేలు 18:4). మంచి వస్తువు కలిగి ఉండడం దోషం కాదు. దాన్ని సహోదరుని తలమీద ఎత్తి పట్టుకుంటామా, అతని చేతిలో పెడతామా అన్నదే ప్రశ్న. పరలోక సింహాసనాన్ని విడిచి, తనను తానే రిక్తునిగా చేసుకున్న క్రీస్తు మనకు చూపిన మార్గం రెండోది. ఆ మార్గంలో నడిచేందుకు ప్రభువు మనకు కృప ననుగ్రహించును గాక. ఆమేన్.