పేరు అడగని సాయం



సైదాబాదులో ఒక బడికి ఒక దాత వచ్చాడనుకోండి. హెచ్.ఐ.వి. సోకిన కుటుంబాల పిల్లలకు పుస్తకాలు, బట్టలు ఇస్తానన్నాడు. మంచిదే! కాని వాళ్ళను అందరి ముందు వరసగా నిలబెట్టి ఫొటో తీయించాలన్నాడు. ఆ సాయం మేలు చేస్తుందా, కీడు చేస్తుందా? కీడే చేస్తుందని నేనంటాను. ఎందుకో చూడండి.

హెచ్.ఐ.వి. ఒక వైరస్. మన రక్తంలోని తెల్లకణాలలో సి.డి.4 అనే రకం ఉంది. రోగాలతో పోరాడే మిగతా కణాలకు అవి సేనానుల వంటివి. ఈ వైరస్ సరిగ్గా వాటిలోనే దూరి, తనవంటి వైరస్‌లను తయారు చేయించుకుంటుంది. మందులు ఆ తయారీని అడ్డుకుంటాయి. 2004 ఏప్రిల్ నుంచి మన దేశంలో ప్రభుత్వం ఈ మందులను ఉచితంగా ఇస్తోంది. మన నగరంలో ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులలో దొరుకుతాయి. రోజూ తప్పకుండా వేసుకునే పిల్లలు అందరిలాగే ఎదుగుతారు, చదువుకుంటారు.

మరి మధ్యలో మానితే? వైరస్ మళ్ళీ పెరుగుతుంది. ఆ మందుకు లొంగని రకంగా మారిపోవచ్చు కూడా. ఇప్పుడు ఆలోచించండి. నలుగురికీ తెలిసిపోతుందన్న భయంతో పిల్లవాడు మాత్ర దాచేస్తే, పూట తప్పిస్తే, నష్టం ఎవరికి? చాటుమాటు గుసగుసలు కూడా మందుకు శత్రువులే!

మందు ఉచితమే. కాని ఆసుపత్రికి పోయిరావడానికి బస్సు ఛార్జీ కావాలి. కడుపునిండా తిండి కావాలి. తల్లిదండ్రులను పోగొట్టుకున్న ఇళ్ళలో అక్కే అమ్మ అవుతుంది. అందుకే 2017లో వచ్చిన హెచ్.ఐ.వి. చట్టం, 12 ఏళ్ళు నిండి, ఇంటి సంగతులు చక్కబెట్టగల అక్కగాని అన్నగాని చిన్నవాళ్ళను బడిలో చేర్పించవచ్చని ఒప్పుకుంది. అంటే మీ ఈడు వాళ్ళే! ఈ వైరస్ ఉందని ఎవరినీ బడి నుంచి పంపెయ్యకూడదనీ అదే చట్టం చెబుతోంది.

ఇటువంటి ఇళ్ళకు స్వచ్ఛంద సంస్థల సాయం తప్పక కావాలి. అయితే, "మా డబ్బు ఏమైందో మాకు తెలియవద్దా?" అని దాతలు అడుగుతారు. న్యాయమే. లెక్క చూపించాలి, ముఖాలు కాదు. ఎన్ని పుస్తకాలు, ఎన్ని బియ్యం బస్తాలు ఇచ్చారో రాస్తే చాలు. బడిలో ఇచ్చేటప్పుడు అవసరమున్న పిల్లలందరికీ కలిపి ఇస్తే ఇంకా మంచిది.

మీరు చేయగలిగిన సాయమూ ఉంది. దానికి పైసా ఖర్చు లేదు. ఒకే బల్ల మీద కూర్చున్నా, ఒకే కంచంలో తిన్నా, చేతులు పట్టుకుని ఆడుకున్నా ఈ వైరస్ సోకదు. దోమ కుట్టినా సోకదు. తోటివాడు బడికి రాని రోజున "ఎక్కడికి పోయావు?" అని నిలదీయకండి. ఆనాటి పాఠం రాసిన మీ నోటుపుస్తకం అతని ముందుంచండి.