కరెంటు పొదుపు: అసలెంత, వడ్డీ ఎంత?

ఈ మధ్య మన సంఘంలో కలిసినవాళ్లు డిపాజిట్ల గురించి అడగడం తగ్గించి, కొత్త రకం ఫ్యాన్ల గురించి అడుగుతున్నారు. "ఖరీదు రెట్టింపు చెబుతున్నారండీ. నిజంగా గిట్టుబాటవుతుందా?" అని. నేను ఇంజనీరును కాను. బి.కాం. చదివి బ్యాంకులో లెక్కలు చూసుకునేవాణ్ణి. కాబట్టి దీన్ని కూడా అసలు, వడ్డీ లెక్కలోనే చూస్తాను.

వెయ్యి వాట్ల పరికరం గంటసేపు నడిస్తే ఒక యూనిట్. పాత రకం సీలింగు ఫ్యాను పూర్తి వేగంతో తిరిగితే సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. బి.ఎల్.డి.సి. మోటారున్న కొత్త ఫ్యానుకు 30 వాట్లు చాలు. తేడా 45 వాట్లు. పడకగదిలో రోజుకు 12 గంటల చొప్పున ఏడాదికి 300 రోజులు తిరిగితే 162 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 6 రూపాయలు అనుకుంటే 972 రూపాయలు. మామూలు ఫ్యాను 1,500, కొత్తది 3,000 అనుకుందాం. అదనంగా పెట్టిన 1,500 ఏడాదిన్నరలో తిరిగి వస్తుంది. అదే సొమ్ము ఏడు శాతం వడ్డీకి బ్యాంకులో వేస్తే ఏడాదికి వచ్చేది 105 రూపాయలు. పైగా కరెంటులో మిగిలిన డబ్బుకు ఆదాయపు పన్ను లేదు!

అయితే అదే ఫ్యానును రోజుకు రెండు గంటలు మాత్రమే తిరిగే ముందుగదిలో బిగిస్తే ఏడాదికి మిగిలేది 27 యూనిట్లు, అంటే 162 రూపాయలు. పెట్టుబడి తిరిగి రావడానికి తొమ్మిదేళ్లు దాటుతుంది. అన్నాళ్లూ అందులోని ఎలక్ట్రానిక్ బోర్డు నిలవాలి కదా! పాత ఫ్యాను మొరాయిస్తే వీధి చివరి ఎలక్ట్రీషియన్ కండెన్సర్ మార్చి తిప్పేస్తాడు. బోర్డు పోతే కంపెనీ మనిషి కోసం ఎదురు చూడాలి. కనుక గ్యారంటీ ఎన్నేళ్లో చూసి కొనండి. ఇంకొకటి, చక్కగా తిరుగుతున్న ఫ్యానును పీకేస్తే మీ పెట్టుబడి 1,500 కాదు, మొత్తం 3,000. పాతది చెడిపోయినప్పుడు మార్చడమే లాభం.

ఏ.సి.ల సంగతీ అంతే. నక్షత్రాల లేబుల్ మీద రాసే ఏడాది యూనిట్లు 1,600 గంటల వాడకానికి లెక్కగట్టినవి. మా బెంగళూరులో వేసవి రెండు నెలలు రాత్రికి ఆరు గంటలు వేసుకుంటే 360 గంటలు. లేబుల్ చూసి ఆశపడిన ఆదాలో నాలుగో వంతు కూడా చేతికి రాదు. చెన్నైలోనో యానాంలోనో నెలల తరబడి రాత్రంతా వేసుకునేవారికి మాత్రం ఐదు నక్షత్రాలు గిట్టవచ్చు.

రేటు కూడా ఊరిని బట్టి మారుతుంది. కర్ణాటకలో 2023 ఆగస్టులో మొదలైన గృహజ్యోతి పథకం నియమాల ప్రకారం, నెలకు 200 యూనిట్లలోపు వాడే ఇంటికి దాని పాత సగటును బట్టి నిర్ణయించిన మేరకు కరెంటు ఉచితం. 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. ఆ గీత దగ్గర తిరిగే ఇంటికి పది యూనిట్ల పొదుపు విలువ 60 రూపాయలు కాదు, దాదాపు నెల బిల్లంతా! 80 యూనిట్లు వాడి సున్నా బిల్లు అందుకునే ఇంటికి కొత్త ఫ్యాను వల్ల పైసా మిగలదు. తమిళనాడులో 2022 సెప్టెంబరు రేట్లలో, రెండు నెలలకు 500 యూనిట్లు దాటినవారికి 101 నుంచి 200 దాకా ఉన్న యూనిట్లకు కూడా 2 రూపాయల 25 పైసల బదులు నాలుగున్నర పడింది. అందుకే ముందు మీ బిల్లు చదవండి.

ఆలోచించకుండా మార్చదగ్గది ఒక్క బల్బే. 60 వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుతురును 9 వాట్ల ఎల్.ఇ.డి. ఇస్తుంది. రోజుకు ఐదు గంటలు వెలిగినా, వంద రూపాయల బల్బు రెండు మూడు నెలల్లో తన ఖరీదు తానే తెచ్చిపెడుతుంది.

మా అమ్మగారికి ఎనభై దాటాయి. రాత్రి నడవాలో దీపం ఉంచితే బిల్లు పెరుగుతుందని ఆర్పేసి, గోడ తడుముకుంటూ వెళ్తారు. ఆ దీపం పది గంటలు వెలిగితే అయ్యేది 54 పైసలని కాగితం మీద వేసి చూపించాను. 15 లీటర్ల గీజరు నీళ్లు 25 డిగ్రీల నుంచి 55 డిగ్రీలకు కాగాలంటే అర యూనిట్ పైనే కావాలి. ఆ కరెంటుతో ఆ దీపం ఐదు రాత్రులు వెలుగుతుంది. ఎన్ని నక్షత్రాలున్నా నీళ్లు కాచే ఈ ఖర్చు తగ్గదు. నక్షత్రాలు తగ్గించేది కాగిన నీళ్లు నిలవ ఉన్నప్పుడు పోయే వేడినే. స్నానం కాగానే స్విచ్ కట్టేయడం మన చేతిలో పని. మన ఇళ్లలో ఎందరో పెద్దవాళ్లు దీపం దగ్గర, ఫ్యాను దగ్గర ఇలా కడుపు కట్టుకున్నట్టు పొదుపు చేస్తున్నారు. చీకట్లో జారిపడితే ఆసుపత్రి బిల్లుకు ఏ స్లాబూ అడ్డం రాదు.

ఈ ఆదివారం ఒక కాగితం తీసుకుని గది గదికీ తిరగండి. ఏ వస్తువు ఎన్ని వాట్లు, రోజుకు ఎన్ని గంటలు అని రాయండి. ఎక్కువ గంటలు నడిచేవాటికే కొత్త సరుకు కొనండి. మిగతావాటి డబ్బు మీ ఖాతాలోనే ఉండనివ్వండి.