మోకాళ్ళకు చోటేదీ?

దుప్పటి ఉన్నంతవరకే కాళ్ళు చాపుకోవాలన్నారు పెద్దలు. బాగానే ఉంది. కాని ఆ దుప్పటినే ఎవరో ఏటేటా కత్తిరించుకుపోతుంటే? కాళ్ళు ముడుచుకు కూర్చోవాలా, కత్తెర పట్టినవాణ్ణి నిలదీయాలా?

అక్క పురిటికని మా అమ్మ అమెరికా వెళ్ళి కిందటేడు తిరిగొచ్చింది. అమ్మకు అరవై మూడేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. శంషాబాదులో దిగేసరికి పాదాలు వాచి చెప్పుల్లో పట్టలేదు. "ముందువాడు సీటు వెనక్కి వాల్చాడంటే నా మోకాలిచిప్పకు తగిలేదిరా. లేచి నాలుగడుగులు వేద్దామంటే పక్కన ఇద్దర్ని లేపాలి. మన పల్లెవెలుగు బస్సే నయం" అంది. అప్పుడు నవ్వాను. సంగతి చదివాక నవ్వు రాలేదు.

విమానాల వాళ్ళ భాషలో 'సీట్ పిచ్' అనే మాటొకటుంది. ఒక సీటు మీది ఒక బిందువు నుంచి ముందు సీటు మీది అదే బిందువు దాకా ఉండే దూరమన్నమాట. సీటు వీపు మందం కూడా ఇందులోనే పోతుంది గనుక కాళ్ళకు మిగిలేది ఇంకా తక్కువ. అమెరికాలో ప్రయాణీకుల సంఘమొకటి కోర్టుకు చెప్పిన లెక్క ప్రకారం ఎకానమీ తరగతిలో ఈ దూరం సగటున 35 అంగుళాల నుంచి 31కి, కొన్ని విమానాల్లో 28కి దిగింది.

ఇదంతా సుఖం కోసం గొడవే అనుకుంటే పొరపాటు. 1985 ఆగస్టు 22న ఇంగ్లండులోని మాంచెస్టర్ విమానాశ్రయంలో, ఎగరబోతున్న బోయింగ్ 737కు నిప్పంటుకుంది. విమానం నేలమీదే ఉంది. అయినా 55 మంది చనిపోయారు, ఎక్కువమంది పొగకే. ఆ తర్వాత 1989లో బ్రిటన్ ఒక నిబంధన చేసింది: సీటు వీపు దిండు నుంచి ముందు సీటు వెనుక భాగానికి కనీసం 26 అంగుళాలుండాలని.

అమెరికా నియమం వేరు. సగం ద్వారాలతోనే 90 సెకండ్లలో అందరూ బయటపడగలరని విమానం తయారుచేసినవాళ్ళు చూపించాలి. సీట్ల కొలతలు కూడా ఏడాదిలోగా నిర్ణయించమని 2018లో అక్కడి కాంగ్రెసు చట్టం చేసింది. ఏడాది గడిచింది, కొలతలు మాత్రం రాలేదు. 2019-20లో ఓక్లహోమా నగరంలో 720 మందితో పరీక్షలు జరిపి, 28 అంగుళాలున్నా దాదాపు అందరూ ఇబ్బంది లేకుండా బయటపడగలరని తేల్చారు. మరి ఆ 720 మంది ఎవరు? అరవై లోపు వయసున్న, ఒంట్లో సత్తువున్న పెద్దవాళ్ళు. పసిపిల్లలు లేరు. కర్ర పట్టుకు నడిచేవాళ్ళు లేరు. మా అమ్మ లేదు!

"సీట్లు తగ్గిస్తే టిక్కెట్టు ధర పెరుగుతుంది. అసలు ధరలు దిగబట్టే కదా మీ అమ్మ మనవణ్ణి చూడగలిగింది?" అంటారు కొందరు. నిజమే, కాదనను. చౌకగా కావాలన్న మనదీ అందులో పాలుంది. తిలాపాపం తలా పిడికెడు. కాని కొనేవాడికి తెలిసే బేరం వేరు, తెలియని బేరం వేరు. టిక్కెట్టు కొనేటప్పుడు ధర కంటికి కనబడుతుంది, అంగుళాలు కనబడవు. అందుకే ఇది బేరానికి వదలవలసిన విషయం కాదు. నిబంధన అందరికీ ఒకటే అయితే ఏ ఒక్క కంపెనీయో నష్టపోయేదీ ఉండదు.

మన దేశంలో బస్సు సీట్ల కొలతలు నిబంధనల్లో రాసి ఉన్నాయి. రోడ్డు మీది మనిషికి దక్కిన ఆ పాటి మర్యాద ఆకాశంలో మనిషికీ దక్కాలి. ఎన్ని అంగుళాలో టిక్కెట్టు మీద అచ్చు వేయించాలి. కనీస కొలత చట్టంలో ఉండాలి. పరీక్ష పెడితే ముసలివాళ్ళనూ పిల్లల్నీ కూర్చోబెట్టి పెట్టాలి.

మిత్రులారా! రేపు ఆ విమానాలెక్కేది మనమే. ఇంజనీర్లుగా, లాయర్లుగా ఆ కొలతలు రాసేవాళ్ళు కూడా మనలోంచే రావచ్చు. అప్పుడు టేపు చేతబట్టే ముందు, ఇంట్లో మీ అమ్మ మోకాళ్ళను ఒక్కసారి తలుచుకోండి. నా మనవి అంతే.