పనియు వ్యాసంగమును

బియ్యములో రాళ్లేరుట, పద్దులు సరిచూచుట, కరెంటు బిల్లు కట్టుట మున్నగు నిత్యకృత్యములు పోగా మిగిలిన గడియలను చేతిలోని ఫోనే మ్రింగివేయుచున్న యీ కాలమున, మనస్సునకు ఉల్లాసమును బుద్ధికి శ్రమను గూర్చు వ్యాసంగమును గూర్చి ముచ్చటింప నీ సంచికను కూర్చితిమి. మునగాల సంస్థానపు దివానుగా శిస్తు లెక్కలతోడను తగవులతోడను సతమతమగుచునే కొమర్రాజు లక్ష్మణరావుగారు, మిత్రులతో గూడి 1906లో విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి, చరిత్ర, ప్రకృతిశాస్త్ర గ్రంథములను తెలుగున వెలువరింపజేసి, పిదప ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిరి. అది అసంపూర్ణముగ నుండగనే 1923లో దివంగతులైరి. వ్యాసంగమునకు తీరిక లేదని కొలువును నిందించుట సులభము. మా రచయితల కది రుచింపలేదు, మాకును రుచింపదు. ఈ సంచికలో, వంటిల్లు సర్దిన పిమ్మట వీణ ముందు గూర్చుండు గృహిణి వ్యాసమున కుదిరిన గమకములకన్న తప్పినవే యెక్కువ. పాఠకులు మొదట దానినే చదువవలెనని కోరుదుము.